స్పైడర్‌మ్యాన్ డిస్నీవాళ్ళ మనిషే, మరి ఓర్లాండో డిస్నీలో ఎందుకు కనపడడు?

ఫ్లోరిడా సెలవులు ప్లాన్ చేసుకునే తెలుగు కుటుంబాలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మార్వెల్ కంపెనీ డిస్నీ చేతిలో ఉంది కదా, అలాంటప్పుడు ఓర్లాండో డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులు తిరిగినా స్పైడర్‌మ్యాన్ రైడ్ ఎందుకు లేదు? హల్క్, కెప్టెన్ అమెరికా ఎందుకు తారసపడరు? వాళ్ళంతా అదే ఊళ్ళో, పోటీ కంపెనీ అయిన యూనివర్సల్ వారి ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో ఉన్నారు. టికెట్లు కొనే ముందే ఇది తెలిస్తే పిల్లల్ని ఏ పార్కుకి తీసుకెళ్ళాలో తేల్చుకోవచ్చు. దీని వెనక ఉన్న ఒప్పందం అంతకంటే ఆసక్తిగా ఉంటుంది. ఒక్కో మాట ఎంత జాగ్రత్తగా రాశారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

తెలుగు సినిమా వ్యాపారం గురించి కాస్త తెలిసినవాళ్ళకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఒక సినిమా "ఎవరిది" అని అడిగితే ఒక్క జవాబు రాదు. నైజాం ఒకరిది, సీడెడ్ ఒకరిది, ఓవర్సీస్ ఇంకొకరిది. శాటిలైట్ వేరు, ఓటీటీ వేరు, హిందీ డబ్బింగ్ వేరు, రీమేక్ వేరు. నిర్మాత తన బ్యానరే మొత్తం ఇంకొకరికి అమ్మేసినా, ముందే రాసిచ్చిన నైజాం అగ్రిమెంటు రద్దయిపోదు. సూపర్‌హీరోల సంగతీ ఇంతే. స్పైడర్‌మ్యాన్ సినిమా హక్కులు సోనీ దగ్గరున్నాయి, పాత్ర మార్వెల్‌ది, మార్వెల్ డిస్నీది, ఫ్లోరిడాలో పార్కు హక్కు యూనివర్సల్‌ది. నాలుగూ ఒకేసారి నిజమే, ఒకదానితో ఒకటి ఢీకొనవు. అందుకే పాత్ర ఎవరిది అని అడిగితే దారి తప్పుతాం. ఏ ప్రాంతంలో, ఏ రకం వాడకానికి, ఎవరికి, ఎప్పుడు రాసిచ్చారు అని అడగాలి.

1994 మార్చి 22న మార్వెల్ ఎంటర్‌టైన్‌మెంట్ గ్రూప్, అప్పట్లో యూనివర్సల్ పార్కుల మాతృసంస్థ అయిన ఎంసీఏ కలిసి ఒక లైసెన్స్ ఒప్పందం రాసుకున్నాయి. అప్పటి మార్వెల్‌కీ ఇప్పటి మార్వెల్‌కీ పోలికే లేదు. సొంతంగా సినిమాలు తీసే స్టూడియో కాదు, కామిక్ పుస్తకాలూ ట్రేడింగ్ కార్డులూ అమ్ముకునే సంస్థ. 1996 డిసెంబరు చివర్లో దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. 1998లో టాయ్ బిజ్ అనే బొమ్మల కంపెనీతో కలిసి మళ్ళీ నిలదొక్కుకుంది. ఆ గొడవల మధ్య కూడా పార్కు ఒప్పందం చెక్కుచెదరలేదు. 1999 మే 28న ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ తెరుచుకుంది, అందులో మార్వెల్ సూపర్ హీరో ఐలాండ్ ఒక భాగం. పదేళ్ళ తర్వాత, 2009 ఆగస్టు 31న, మార్వెల్‌ని సుమారు 400 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు డిస్నీ ప్రకటించింది. ఆ ఏడాది ఆఖరి రోజున కొనుగోలు పూర్తయింది. పొలం కొన్నారు గానీ, ఆ పొలం మీద అంతకుముందే కౌలు కాగితం ఉంది. యజమాని మారినంత మాత్రాన కౌలుదారుని లేపలేరు.

ఈ కౌలు కాగితాన్ని ఎవరైనా చదువుకోవచ్చు. మార్వెల్ స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ కాబట్టి అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థకి ఇచ్చిన పత్రాలతో పాటు ఇదీ బయటికొచ్చింది. అందులో ముఖ్యమైన గీత మిసిసిపీ నది. నదికి పడమరన ఉన్న ఇతర థీమ్ పార్కులకి మార్వెల్ తన పాత్రల్లో దేన్నయినా ఇచ్చుకోవచ్చు, యూనివర్సల్ వాడుతున్న పాత్రలతో సహా. తూర్పున మాత్రం యూనివర్సల్ అప్పటికే వాడుతున్న పాత్రల్ని ఇంకెవరికీ ఇవ్వకూడదు. కాలిఫోర్నియా డిస్నీ పార్కులు పడమరన, ఫ్లోరిడా డిస్నీ వరల్డ్ తూర్పున. సంతకాలు పెట్టిన రోజున డిస్నీకి ఈ ఒప్పందంతో ఏ సంబంధమూ లేదు. అయినా ఆ గీత సరిగ్గా డిస్నీ రెండు అమెరికా రిసార్టుల మధ్యనుంచే పోయింది.

"వాడుతున్న పాత్ర" అంటే ఏమిటన్నది ఒప్పందంలో అతి బలమైన భాగం, లాయర్ పనితనమంతా అక్కడే ఉంది. ఒక పాత్రని రైడ్‌లో నామమాత్రంగా కాక ముఖ్యంగా పెడితే వాడినట్టే. వేషం వేయించి జనం ముందుకి పంపినా వాడినట్టే. దుకాణం అలంకరణలో గానీ తిండి దొరికే చోటు అలంకరణలో గానీ ప్రధానంగా పెట్టినా వాడినట్టే. అన్నిటికంటే పెద్దది "కుటుంబం" అనే మాట. ఆ పాత్ర స్వయంగా లేకపోయినా, అదే కుటుంబంలోని ఇంకొక పాత్ర ఉంటే చాలు, కుటుంబం మొత్తం వాడుకలో ఉన్నట్టే లెక్క. ఫెంటాస్టిక్ ఫోర్ ఒక కుటుంబం, అవెంజర్స్ ఒక కుటుంబం అని ఉదాహరణలు కూడా పత్రంలోనే రాశారు. హీరో వాడుకలో ఉంటే అతని విలన్లూ అదే గూట్లోకి వస్తారు.

దీన్ని నేల మీద ఎలా కొలుస్తారో చూద్దాం. ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో కెప్టెన్ అమెరికా డైనర్ అని ఒక తిండి హాలుంది. బర్గర్లు, ఫ్రైలు దొరికే మామూలు చోటు. కానీ కెప్టెన్ అమెరికా ఆ హాలు అలంకరణలో ప్రధానం, అతను అవెంజర్స్ కుటుంబ సభ్యుడు. అంటే యూనివర్సల్ ఐరన్‌మ్యాన్ రైడ్ కట్టకపోయినా, థోర్ రైడ్ కట్టకపోయినా, ఆ ఇద్దర్నీ డిస్నీ ఫ్లోరిడాలో పెట్టలేకపోవడానికి ఒక బర్గర్ హాలు బోర్డు కూడా సాయపడుతోంది. కొంచెం ముందుకెళ్తే కెఫే 4, పిజ్జాలూ పాస్తాలూ దొరుకుతాయి, ఫెంటాస్టిక్ ఫోర్ అలంకరణ. దగ్గర్లోనే డాక్టర్ డూమ్స్ ఫియర్‌ఫాల్ రైడ్, డూమ్ వాళ్ళ విలన్. స్టార్మ్ ఫోర్స్ యాక్సిలట్రాన్ అనే గిరగిరా తిరిగే చిన్న రైడ్ వల్ల స్టార్మ్, ఆమెతో పాటు ఎక్స్‌మెన్ కుటుంబం మొత్తం వాడుకలో ఉన్నట్టే. స్పైడర్‌మ్యాన్‌కి, హల్క్‌కి పెద్ద రైడ్లే ఉన్నాయి. నాలుగు రైడ్లు, రెండు తిండి హాళ్ళు. వీటితో మార్వెల్‌లో జనానికి బాగా తెలిసిన కుటుంబాలన్నిటి చుట్టూ కంచె పడింది.

రైడ్ ఉంటే సరిపోదు, రెండో షరతు ఒకటుంది. ఆ పాత్ర, లేదా అదే కుటుంబంలోని మరో పాత్ర, గడిచిన ఏడాదిలో యూనివర్సల్ ప్రచారంలో ఎక్కడో ఒకచోట కనిపించి ఉండాలి. వేషం మాత్రమే వేయిస్తూ రైడూ దుకాణమూ లేని పాత్రకి ఇంకా గట్టి షరతు. ప్రచారంలో ఆ పాత్రకి చెప్పుకోదగ్గ చోటు ఇస్తేనే వాడుకలో ఉన్నట్టు. ఊరికే మూలన ఒక వేషధారిని నిలబెట్టి పాత్రని పట్టి ఉంచుకోవడం కుదరదన్నమాట. యూనివర్సల్ బ్రోషర్లలో, వీడియోల్లో ఈ ఐలాండ్ బొమ్మలు కనిపించడంలో అలంకారం ఒక్కటే లేదు, హక్కు నిలబెట్టుకునే పని కూడా ఉంది. ఇలాంటి లైసెన్సులు తీసుకునే ఎవరైనా దీన్ని గుర్తుపెట్టుకోవాలి. వాడకం రుజువుకి ప్రతి ఏడాదీ ప్రచార సామగ్రి కాపీలు తేదీలతో సహా దాచుకోకపోతే, తగాదా వచ్చిన రోజున చూపించడానికి చేతిలో కాగితం ఉండదు.

ఇంకో క్లాజు చాలామంది కళ్ళకి ఆనదు. అమెరికాలో వేరే పార్కు ఒక మార్వెల్ పాత్రని వాడుకున్నా, "మార్వెల్" అనే మాటని ఆ ఆకర్షణ పేరులో గానీ దాని ప్రచారంలో గానీ పెట్టకూడదు. దీనికి నది గీత అడ్డురాదు, రెండు వైపులా వర్తిస్తుంది. అందుకే కాలిఫోర్నియాలో 2021 జూన్ 4న తెరిచిన ప్రాంతం పేరు ఉత్త "అవెంజర్స్ క్యాంపస్". సంవత్సరం తర్వాత, 2022 జులై 20న, ప్యారిస్‌లో అలాంటిదే తెరిచినప్పుడు "మార్వెల్ అవెంజర్స్ క్యాంపస్" అని పూర్తిపేరు పెట్టుకున్నారు. అదే సంస్థ, అవే పాత్రలు. అట్లాంటిక్ దాటేసరికి పేరుకి ముందొక మాట చేరింది.

మరి ఫ్లోరిడా డిస్నీలో మార్వెల్ ఏదీ లేదా అంటే, ఉంది. 2022 మే 27న డిస్నీ వరల్డ్‌లోని ఎప్కాట్ పార్కులో గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ అనే మార్వెల్ బృందం పేరుతో గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ: కాస్మిక్ రివైండ్ రైడ్ తెరుచుకుంది. గార్డియన్స్ కోసం యూనివర్సల్ ఫ్లోరిడాలో రైడ్ కట్టలేదు, దుకాణం పెట్టలేదు, తిండి హాలు పెట్టలేదు. వాళ్ళు యూనివర్సల్ కంచెలో ఉన్న కుటుంబాల్లోనూ లేరు. ఆ సందులోంచి డిస్నీ లోపలికి వచ్చింది. పేరులో మార్వెల్ మాట లేదని గమనించండి. ఇక్కడ ఒప్పందంలోని కాలం మాట కీలకం. పాత్ర వాడుకలో ఉందా లేదా అన్నది చూసేది వేరే పార్కుకి లైసెన్స్ ఇచ్చే సమయానికి. కాబట్టి రేపు యూనివర్సల్ తన పార్కులో గార్డియన్స్ నాయకుడు స్టార్-లార్డ్‌ని తెచ్చి నిలబెట్టినా, అప్పటికే కట్టేసిన ఎప్కాట్ రైడ్‌ని అది కదిలించలేదు. ఆ వాక్యం చదివితే నాకు అర్థమయ్యేది ఇదే. ముందు ఎవరు వాడితే వాళ్ళకే చోటు.

థీమ్ పార్కు అన్న మాట సరిహద్దు దగ్గర డిస్నీ ఎంత జాగ్రత్తగా అడుగేసిందో 2012లో చూశాం. అవెంజర్స్ బొమ్మలు అతికించిన మోనోరైలుని డిస్నీ వరల్డ్‌లో నడిపారు. హోటళ్ళ చుట్టూ తిరిగే లైను మీదే నడిపారు గానీ ఎప్కాట్ లైను మీదికి పంపలేదు. ఎప్కాట్ లైను పార్కు ఆవరణ లోపలి నుంచే పోతుంది మరి. డిస్నీ ఓడల సంగతి వేరు. 2017 నుంచి ఓడల్లో ఒక రోజంతా మార్వెల్ కార్యక్రమాలు మొదలుపెట్టారు, పేరులో మార్వెల్ అనే పెట్టారు. ఓడ థీమ్ పార్కు కాదు.

డబ్బు సంగతికొస్తే, యూనివర్సల్ ఈ పాత్రలకి మార్వెల్‌కి రుసుము కడుతుంది, అమ్మే సరుకు మీద వాటా ఇస్తుంది. అంటే యూనివర్సల్‌లో ఒక పిల్లాడు స్పైడర్‌మ్యాన్ టీషర్టు కొంటే అందులో కొంత డిస్నీ ఇంటికి చేరుతుంది. కాబట్టి డిస్నీకి ఈ ఒప్పందం ఉత్త తలనొప్పి కాదు, ఆదాయం కూడా.

యూనివర్సల్ వైపు కూడా చేతులు పూర్తిగా స్వేచ్ఛగా లేవు. పాత్రలు ఎలా కనపడాలో ఆమోదించే అధికారం మార్వెల్‌ది. ఆ ఐలాండ్‌లో నడిస్తే ఒకటి గమనించవచ్చు. అక్కడి హల్క్, కెప్టెన్ అమెరికా, డూమ్ అందరూ కామిక్ పుస్తకంలోంచి లేచి వచ్చినట్టుంటారు. ముదురు రంగులు, లావు నల్ల గీతలు, గోడల మీద చదునుగా పరిచిన బొమ్మలు. సినిమాల్లో చూసిన కవచాలు, నటుల ముఖాలు ఎక్కడా ఉండవు. నటుడి పోలిక వాడుకోవడం మళ్ళీ ఇంకో హక్కు, దానికి వేరే సంతకాలు కావాలి. సినిమాలు చూసి పెరిగిన పిల్లలు అక్కడ ఒక్క క్షణం తికమక పడేది అందుకే. నాకు మాత్రం ఆ పాత రూపాలే ఇష్టం.

ఉన్నవాటిని బాగుచేసుకునే హక్కుని యూనివర్సల్ బాగా వాడుకుంది. స్పైడర్‌మ్యాన్ రైడ్ దృశ్యాల్ని కొత్తగా తయారుచేసి 2012 మార్చిలో తిరిగి తెరిచింది. హల్క్ రోలర్ కోస్టర్‌ని 2015 సెప్టెంబరులో మూసి, పట్టాలు మార్చి 2016 ఆగస్టులో తెరిచింది. రెండు సెకన్లలో గంటకి 64 కిలోమీటర్ల వేగం అందుకునే ఆ లాంచ్‌ని అలాగే ఉంచారు. ప్రత్యర్థి సొంతమైన పాత్ర మీద ఇంత ఖర్చు పెట్టడం పిచ్చిపని అనిపించవచ్చు. కానీ రైడ్ ఆగిపోతే ఆ కుటుంబం మీద పట్టు సడలుతుంది, పార్కు వదులుకునేది పట్టాల ఖరీదు కంటే చాలా ఎక్కువ.

పాత్రల లైసెన్స్ పని రోజువారీగా ఎలా జరుగుతుందో కూడా చెప్పుకోవాలి, ఆలస్యాలు పుట్టేది అక్కడే. పాత్ర యజమాని ఒక స్టైల్ గైడ్ ఇస్తాడు. ఏ రంగు, ఏ నిష్పత్తి, ఏ భంగిమ, ఏ పాత్ర పక్కన ఏ పాత్ర ఉండకూడదు, అన్నీ అందులో ఉంటాయి. మొదట ఆలోచన పంపాలి, తర్వాత గీసిన బొమ్మ, ఆ తర్వాత నమూనా, చివరికి తయారైన సరుకులో ఒక పీసు. ప్రతి మెట్టు దగ్గరా సంతకం కావాలి. జవాబు రాకపోతే ఏమిటన్నది ఒప్పందంలో ఒక్క వాక్యం. చాలా ఒప్పందాల్లో గడువులోగా జవాబు రాకపోతే తిరస్కరించినట్టే లెక్క. ఆ ఒక్క వాక్యాన్ని పట్టించుకోకుండా ఫ్యాక్టరీకి ఆర్డరిస్తే గోడౌన్ నిండా అమ్మకూడని సరుకు మిగులుతుంది. లెక్కల్లో మన సినిమావాళ్ళకి బాగా తెలిసిన మినిమం గ్యారంటీయే ఇక్కడా ఉంటుంది. అమ్మినా అమ్మకపోయినా కట్టాల్సింది కట్టాలి, రాయల్టీ అంతకుమించితే పైది కట్టాలి. గడువు తీరాక మిగిలిన సరుకు అమ్ముకోవడానికి ఎన్ని నెలలిస్తారన్నది ముందే రాయించుకోకపోతే మిగిలింది చెత్తే.

మార్వెల్‌కి పోటీ కామిక్స్ సంస్థ అయిన డీసీ పాత్రలది ఇంకో దారి. సిక్స్ ఫ్లాగ్స్ పార్కులు ఒకప్పుడు టైమ్ వార్నర్‌వే, వార్నర్ బ్రదర్స్, డీసీ కూడా అదే గూటివి. 1998లో టైమ్ వార్నర్ ఆ పార్కుల్ని ప్రీమియర్ పార్క్స్ అనే సంస్థకి అమ్మింది, లైసెన్స్ మాత్రం పార్కులతోనే కొనసాగింది. బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్, వండర్ ఉమన్‌లతో పాటు బగ్స్ బన్నీ బృందం కూడా ఇందులో ఉంది. అమెరికా, కెనడాల్లో థీమ్ పార్కు వాడకానికి సిక్స్ ఫ్లాగ్స్‌కే ప్రత్యేక హక్కు, ఒక్క లాస్ వేగస్ నగర ప్రాంతాన్ని మినహాయించారు. గడువు 2053 దాకా. రుసుము పార్కుకి ఇంత అని లెక్క, అదీ దఫాలుగా పెరుగుతుంది. పాత్రల్ని ఇంకో పార్కుకి విస్తరిస్తే బిల్లూ పెరుగుతుందన్నమాట.

అందులో నాకు అన్నిటికంటే నచ్చిన క్లాజు ఒకటుంది. సినిమా లేదా టీవీ రంగంలో ఉన్నవాళ్ళెవరైనా సిక్స్ ఫ్లాగ్స్‌ని చేజిక్కించుకుంటే, ఒప్పందాన్ని రద్దు చేసే హక్కు వార్నర్‌ది. పోటీ స్టూడియో ఒకటి పార్కుల కంపెనీని కొనేసి, వార్నర్ పాత్రల మీద పెత్తనం చేస్తుందన్న భయానికి కట్టిన గట్టు అది. 2024 జులై 1న సిక్స్ ఫ్లాగ్స్, సీడర్ ఫెయిర్ విలీనమయ్యాయి. సీడర్ ఫెయిర్‌ది పార్కుల వ్యాపారం, స్టూడియో కాదు. దాని పార్కుల్లో స్నూపీ బృందం ఉండేది, అది మరో ఒప్పందం. మార్వెల్, యూనివర్సల్ కథలో చేయి మారింది పాత్రల యజమాని. అక్కడ కంపెనీ అమ్మకం ఒప్పందాన్ని కదిలించలేదు. ఎవరు చేయి మారితే ఏమవుతుందన్నది రెండు వైపులా రాసుకోవాలని ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళకి ఈ రెండు లోకాలూ కారులో వెళ్ళేంత దూరంలోనే ఉన్నాయి. దుబాయ్‌లో 2016 ఆగస్టులో తెరిచిన ఐఎంజీ వరల్డ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో మార్వెల్ విభాగం ఉంది. అది డిస్నీ పార్కు కాదు, యూనివర్సల్‌దీ కాదు, లైసెన్స్ తీసుకున్న స్థానిక సంస్థది. అబుదాబీ యాస్ ఐలాండ్‌లో 2018 జులై 25న తెరిచిన వార్నర్ బ్రదర్స్ వరల్డ్‌లో బ్యాట్‌మ్యాన్ ఊరు గోథమ్ సిటీ, సూపర్‌మ్యాన్ ఊరు మెట్రోపొలిస్ ఉన్నాయి. దాన్ని కట్టింది మిరాల్ సంస్థ. అదే మిరాల్‌తో కలిసి అదే యాస్ ఐలాండ్‌లో డిస్నీ పార్కు కట్టబోతున్నట్టు 2025 మే 7న ప్రకటన వచ్చింది. సిక్స్ ఫ్లాగ్స్ డీసీ హక్కు అమెరికా, కెనడాలకే, మిసిసిపీ గీత అమెరికాలోనే. ఎడారిలో మళ్ళీ కొత్త గీతలు గీసుకోవాలి.

జపాన్‌లో ఒసాకా యూనివర్సల్ పార్కులో 2004 జనవరి 23న మొదలైన స్పైడర్‌మ్యాన్ రైడ్, 2024 జనవరి 22న ఆగిపోయింది. సరిగ్గా ఇరవై ఏళ్ళు నడిచింది. ఓర్లాండోలో అలాంటి ముగింపు తేదీ కోసం ఎదురుచూసేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఏ రైడ్ కొన్ని రోజులు మూతపడినా ఇంకేముంది అయిపోయింది అని పుకారు లేస్తుంది. అలాంటప్పుడు రైడ్ ఒక్కదాన్నే చూస్తే లాభం లేదు. ఫియర్‌ఫాల్ రేపు కూల్చేసినా, కెఫే 4 తలుపు మీద ఆ 4 అంకె ఉండి, ఏడాదికోసారైనా ఆ నలుగురిలో ఒకరి బొమ్మ ప్రచారంలో పడుతున్నంత కాలం, ఫెంటాస్టిక్ ఫోర్ ఆ నదికి తూర్పున యూనివర్సల్ దగ్గరే ఉంటారు.